పద్నాలుగో ఇంటర్వ్యూ

నర్సింగ్ కాలేజీలో ఆవిడను అసలు పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే, అదీ నెలకోసారి. మిగతా అందరికీ ఆవిడ నిమిషం మేడమ్. రోగి నాడి చూడాలంటే నిండా నిమిషంపాటు లెక్కపెట్టాలి, పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేస్తే కుదరదు అన్నది ఆవిడ పాఠంలో మొదటి మాట. పదిహేను సెకన్లకే చెయ్యి వదిలేసిన పిల్ల కనబడితే దగ్గరికి వెళ్ళి, మిగతా నలభై అయిదు సెకన్లు ఎవరికి దాచిపెట్టావమ్మా అని అడిగేది. క్లాసంతా నవ్వేది. ఆ పిల్ల సిగ్గుపడి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేది.

పదహారేళ్ళు వార్డులో చేసి, తర్వాత కాలేజీలో ట్యూటరుగా చేరిన మనిషి కనుక ఆవిడ పాఠానికి పుస్తకం వాసన తక్కువ, వార్డు వాసన ఎక్కువ. మధ్యాహ్నం మూడు దాటితే ఆవిడ గదిలో కుర్చీలు చాలేవి కావు. మొదటిసారి శవాన్ని చూసి అన్నం సహించనిది ఒకతి, డాక్టరు అందరి ముందూ కసిరాడని ముక్కు చీదుకునేది ఇంకొకతి, సూది పట్టుకుంటే చెయ్యి వణుకుతోందని చెప్పడానికి వచ్చి, చెప్పలేక గోడ చూస్తూ నిలబడేది మరొకతి. మేడమ్ అందరినీ వరసపెట్టి తిట్టేది. తిట్టడం అయ్యాక చెయ్యి వణికే పిల్లకు ఒక నారింజపండూ ఒక సిరంజీ ఇచ్చి, గుచ్చుకుంటూ కూర్చోమనేది. తిట్లు తిన్న పిల్లలు తేలికపడి వెళ్ళేవాళ్ళు. దాన్ని కూడా బోధన అంటారని ఆవిడకు తట్టలేదు.

నలభై ఆరో ఏట పీహెచ్‌డీలో చేరింది. ఎందుకు చేరావంటే అడిగిన మనిషిని బట్టి కారణం చెప్పేది. విద్యార్థులు వార్డులో చేసిన తప్పుల్ని ఎందుకు దాస్తారో తెలుసుకోవాలని ఉందని ప్రిన్సిపాల్‌తో చెప్పింది. అది నిజమే. వార్డులో ఉన్నన్నాళ్ళూ ఆ ప్రశ్న ఆవిడను తొలుస్తూనే ఉంది. భర్తతో మాత్రం, తన దగ్గర చదువుకున్న పిల్ల ఒకతి పక్క గదికి డాక్టర్ అని బోర్డు తగిలించుకుని వచ్చి కూర్చుందనీ, ఆ మహాతల్లికి నాడి చూడటం ఇప్పటికీ సరిగా రాదనీ చెప్పింది. అదీ నిజమే.

భర్త నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా. పరిశోధనంటే కొండను తవ్వి ఎలుకను పట్టడమే కదా, ఎలుకలు మనింట్లోనే కావలసినన్ని ఉన్నాయి, కొండదాకా ఎందుకు అని ఆయన ఎగతాళి చేశాడు. చేశాడే గాని, ఆ అయిదేళ్ళూ వంట సగం తన నెత్తినే వేసుకున్నాడు. ఆయన వండినదాన్ని ఏమనాలో తెలియక ఇద్దరూ మాట్లాడకుండా తినేవాళ్ళు.

గైడు గారు విద్యాశాస్త్రంలో ప్రొఫెసరు. సౌమ్యుడు, పెద్దమనిషి, ఇంజక్షనంటే కళ్ళు మూసుకునే రకం. వార్డు గడప తొక్కింది లేదు గాని, మనుషుల చేత మాట్లాడించి ఆ మాటల్లోంచి విషయం రాబట్టే విద్యలో దిట్ట. ఇరవై రెండు మంది విద్యార్థులను విడివిడిగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరితో గంటసేపు మాట్లాడి రికార్డు చేయాలని ఆయనే నిర్ణయించారు. వచ్చినవాళ్ళకు పేర్లుండవు, నంబర్లే. ఆ గదిలో విన్నది గది దాటి పోదని ముందే కాగితం రాసిచ్చి సంతకాలు తీసుకోవాలి.

అలవాటు కోసం చేసిన మొదటి రికార్డింగును ఆయన కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు. గంటలో నలభై నిమిషాలు మేడమ్ గొంతే ఉంది. తిట్టింది, బుజ్జగించింది, దూదితో గాయం ఎలా తుడవాలో కూడా మధ్యలో చెప్పేసింది. ఆయన కళ్ళు తెరిచి, "ఇందులో ఆ అమ్మాయి ఎక్కడుందమ్మా?" అన్నారు. ఆవిడ తల వంచుకుంది. "ఆ గంటసేపూ మీరు టీచరు కాదు. మీరు చెవి, అంతే. సలహా ఇవ్వకండి, మంచీచెడ్డా చెప్పకండి. వాళ్ళు మిమ్మల్నేదైనా అడిగితే ఆ ప్రశ్న వాళ్ళకే తిప్పి ఇచ్చేయండి."

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. వినేవాళ్ళకు చెప్పేవాళ్ళు లోకువ కావడం కూడా ఉంటుందని ఆవిడకు అప్పుడు తెలియదు. ఏదైనా పట్టుకుంటే వదలని మనిషి. అద్దం ముందు కూర్చుని మాట్లాడకుండా ఉండటం సాధన చేసింది. ముఖం మీద కోపం గాని జాలి గాని కనబడకుండా, "ఊఁ, తర్వాత?" అనడం నేర్చుకుంది. ఇంట్లో భర్త ఏదో అడిగితే "మీకేమనిపిస్తోంది?" అనేది. ఆయన రెండు రోజులు నవ్వి, మూడో రోజున కూరలో ఉప్పు వేయాలా వద్దా అన్నదానికైనా సూటిగా జవాబు చెప్పమని బతిమాలాడు.

చదవాల్సిన కాగితాలు గదిలో అట్టపెట్టెల్లో పేరుకున్నాయి. పిల్లలు కూర్చునే కుర్చీల మీదికి కూడా ఫైళ్ళు ఎక్కాయి. మూడు దాటాక ఇప్పుడు గది నిశ్శబ్దంగా ఉండేది. పని బాగా సాగుతోందని ఆవిడ సంతోషించింది.

పద్నాలుగో నంబరుగా వచ్చింది మూడో సంవత్సరం పిల్ల. పొడుగు, కొంచెం వంగిన భుజాలు, నోట్లో నాలుక లేదా అనిపించే మౌనం. చార్టు రాస్తే అక్షరాలు పేర్చినట్టుండేవి. మేడమ్ ఆ చార్టులను మొదటి సంవత్సరం వాళ్ళకు చూపించి ఇలా రాయాలని చెప్పేది. ఇంటర్వ్యూలు జరిగేది శిక్షణ గది వెనకనున్న చిన్న గదిలో. ఒక బల్ల, రెండు కుర్చీలు, మూల మంచం మీద పిల్లలు అభ్యాసం చేసే రబ్బరు బొమ్మ. రికార్డరు బల్ల మీద పెట్టి ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ఆ పిల్ల చెప్పిందిది. ఆపరేషన్ల వార్డులో మధ్యాహ్నం డ్యూటీ. కడుపు ఆపరేషన్ అయి రెండో రోజున ఉన్న ముసలావిడ. పొద్దుటి నుంచీ నొప్పితో కన్నుమూత లేక, అప్పుడే నిద్రపట్టింది. నాలుగింటికి నాడి, బీపీ చూసి రాయాలి. లేపబుద్ధి కాలేదు. రెండింటికి ఎవరో రాసిన అంకెలనే కింది గడిలో మళ్ళీ రాసి పక్క మంచానికి వెళ్ళిపోయింది. అయిదింటికి వార్డు సిస్టర్ వచ్చి చెయ్యి ముట్టుకుంటే ఒళ్ళు చల్లగా ఉంది. లోపల రక్తస్రావం. అది నిద్ర కాదు, మగత. పరుగుల మీద మళ్ళీ ఆపరేషన్‌కు తీసుకుపోయారు. ముసలావిడ బతికింది. డాక్టరు చార్టు చూసి, నాలుగింటికి బాగానే ఉందే, గంటలో ఎంత పని జరిగిందో అని ఆశ్చర్యపోయాడు. సిస్టర్ సమయానికి చూసిందని అందరూ మెచ్చుకున్నారు. ఈ పిల్ల చేతిలో పెన్ను పట్టుకుని అక్కడే నిలబడింది. ఎనిమిది నెలలైంది, ఒక్కరికీ చెప్పలేదు.

చెప్పి, తలెత్తి అడిగింది: "మేడమ్, నేను ఈ పనికి పనికొస్తానా?"

మేడమ్ ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు. కాసేపు ఆగి, నేర్చుకున్న మెత్తని గొంతుతో, "నీకేమనిపిస్తోంది?" అంది.

ఆ పిల్ల ఆవిడ కళ్ళలోకి చూసింది. "అర్థమైంది మేడమ్," అంది. థాంక్స్ చెప్పి, కుర్చీ చప్పుడు కాకుండా వెనక్కి జరిపి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆవిడ పరిశోధన నోటుపుస్తకంలో, ఇంతవరకు జరిగిన ఇంటర్వ్యూలలో ఇదే ఎన్నదగినదని రాసుకుంది. తను ఒక్క మాట కూడా అదనంగా మాట్లాడలేదని కింద గీత గీసుకుంది.

మూడు వారాలు తిరక్కుండా ఆ పిల్ల కాలేజీ మానేసింది. ఇలా మానేసేవాళ్ళు ఏటా ఇద్దరు ముగ్గురుంటారు. కారణం అన్న గడిలో ఏదో ఒకటి రాయాలి కనుక, కుటుంబ పరిస్థితులు అని మేడమ్ తన చేత్తోనే రాసి సంతకం పెట్టింది. అప్పటికి ఆవిడకు మిగిలిన ఇంటర్వ్యూల గొడవ ఉంది.

రికార్డింగులన్నిటినీ విని కాగితం మీద పెట్టడం పరిశోధనలో గాడిద చాకిరీ. పద్నాలుగో నంబరు వంతు వచ్చేసరికి అయిదు నెలలు గడిచాయి. ఆదివారం పొద్దున్నే భోజనాల బల్ల దగ్గర కూర్చుని చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుంది. మాటలే కాదు, మౌనం కూడా ఎన్ని సెకన్లో బ్రాకెట్లో రాయాలని నియమం. పిల్ల ప్రశ్నకూ తన జవాబుకూ మధ్య ఖాళీని చేతిగడియారం చూస్తూ లెక్కపెట్టింది. తొమ్మిది సెకన్లు. నమ్మకం కుదరక మళ్ళీ విని లెక్కపెట్టింది. తొమ్మిదే.

ఆ తొమ్మిది సెకన్లలో తన నోట్లో ఏముందో ఆవిడకు తెలుసు. సమాధానం ఉంది. ముప్ఫయ్యేళ్ళ క్రితం, శిక్షణలో మొదటి ఏడాది, ఆవిడా అదే పని చేసింది. రోగి నిద్రపోతున్నాడని పై గడిలో అంకెను కింది గడిలో దించేసింది. ఆ రోగికి ఏమీ కాలేదు గాని, వార్డు సిస్టర్‌కు దొరికిపోయింది. ఆ మహాతల్లి అరగంటపాటు ఏడు తరాలనూ కలిపి తిట్టింది. ఆ తర్వాత వార్డులో ముప్ఫై మందినీ ఒక్కొక్కరినీ నిండా నిమిషం చొప్పున నాడి చూడమంది. అంతా అయ్యాక, ఇంక రేపటి నుంచి రానవసరం లేదంటుందని ఎదురుచూస్తూ నిలబడితే, "రేపు ఆరింటికల్లా ఉండాలి. ఆలస్యమైతే ఊరుకోను," అంది. రేపు అన్న మాట వినగానే ఒళ్ళు తేలికైపోయింది. ఆ నిమిషంలోంచే నిమిషం మేడమ్ పుట్టింది. ఈ సంగతి కట్టుకున్న భర్తకు కూడా తెలియదు. ఆ పిల్ల అడిగినప్పుడు ఇదంతా గొంతులోకి వచ్చింది, ఆవిడ దాన్ని శ్రమపడి మింగేసింది. మింగగలిగినందుకు గర్వపడింది కూడా.

ఆవిడ ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. పిల్లలు తప్పుల్ని ఎందుకు దాస్తారని ఊరంతా వెతుకుతోంది గదా, దాచకుండా తెచ్చి చేతిలో పెట్టిన ఒక్క పిల్లకు ఏమిచ్చింది? ఆ పిల్ల తీర్పు అడిగింది. తీర్పు ఇవ్వకపోతే అదే తీర్పని ఆ వయసు పిల్లలు అనుకుంటారని ఆవిడకు తెలియదా! ఎవరో చెంప పగలగొట్టినట్టయింది.

పేరు చెప్పకుండా ఆ పిల్ల సంగతి భర్తకు చెప్పింది. ఆయన ఈసారి హాస్యమాడలేదు. "ఫోన్ చెయ్యి. ఇప్పుడే చెయ్యి," అన్నాడు. కాలేజీ నియమం ఒకటుంది: మానేసినవాళ్ళు రెండేళ్ళలోపు తిరిగొస్తే ఆపిన చోటనే మొదలుపెట్టవచ్చు. అది దాటితే మళ్ళీ మొదటి సంవత్సరమే. ఆ పిల్ల మానేసి ఇంకా అయిదు నెలలు కూడా నిండలేదు. కావలసినంత వ్యవధి ఉంది.

కానీ ఆవిడ ఫోన్ చేయకుండా గైడు దగ్గరికి వెళ్ళింది. ఆయన చాలా బాధపడ్డారు. బాధపడి, ఇచ్చిన మాట గుర్తు చేశారు. ఆ గదిలో విన్నదాన్ని బయట ఎత్తబోమని సంతకం పెట్టి ఉన్నాం, ఇప్పుడు టీచరుగా వెళ్ళి ఆ విషయమే మాట్లాడితే మాట తప్పినట్టే. అలా వెళ్ళాలంటే ముందు నైతిక కమిటీకి తెలియజేయాలి, వాళ్ళు ఆ ఇంటర్వ్యూనే పక్కన పెట్టమనవచ్చు, పనంతా ఆగిపోవచ్చు. డిగ్రీ చేతికొచ్చాక మామూలు మనిషిగా వెళ్ళి కలవండి, ఎవరూ కాదనరు అన్నారు. ఆయన చెప్పినదాంట్లో తప్పు పట్టడానికేం లేదు. తనకు కలిసొచ్చే నియమాన్ని మనిషి ఎంత భక్తిగా పాటిస్తాడో అదే చూడాలి. కమిటీకి రాయవచ్చు. ఒక నెల ఆగిపోతే ఆగిపోవచ్చు. ఆవిడ రాయలేదు. ఇంటికి వచ్చి, ఆ ఇంటర్వ్యూను శుభ్రంగా టైపు చేసి, తొమ్మిది అంకెను బ్రాకెట్లో పెట్టింది.

ఏడాదిలో అయిపోతుందనుకున్న పని రెండేళ్ళు దాటింది. ఒక అధ్యాయం తిరగరాయమన్నారు, తర్వాత పరీక్షకుల కోసం ఎదురుచూపు. ఆవిడకు తల ప్రాణం తోకకొచ్చింది. మధ్యలో రెండుసార్లు ఆ పిల్ల ఫైలు తీసి ఫోన్ నంబరు చూసింది. చూసి, ఎక్కడిదక్కడ పెట్టేసింది. రెండేళ్ళ గడువు ఏ తారీఖున తీరిపోయిందో ఆవిడకు కచ్చితంగా తెలుసు. ఆ రోజు జవాబు పత్రాలు దిద్దుతూ గడిపేసింది.

వైవా రోజున బయటి నుంచి వచ్చిన పరీక్షకురాలు థీసిస్ తెరిచి నూట నలభై రెండో పేజీ పైకి చదివింది. నేను ఈ పనికి పనికొస్తానా, బ్రాకెట్లో తొమ్మిది సెకన్లు, నీకేమనిపిస్తోంది. "ఇక్కడ మీరు నోరు విప్పి ఉంటే ఈ అధ్యాయమే లేదు. వినడమంటే ఇదీ," అంది. గదిలో అందరూ తలలూపారు. గైడు గారు ఎదురుగా కూర్చుని తన చేతులవైపు చూసుకున్నారు. అప్పుడైనా ఒక మాట చెప్పవచ్చు. ఆవిడ "థాంక్యూ మేడమ్" అంది.

డాక్టర్ అయింది. కాలేజీలో టీ పార్టీ ఇచ్చారు. పక్క గది డాక్టరమ్మ అందరికంటే ముందొచ్చి కౌగిలించుకుంది. ఎన్నాళ్ళో ఊహించుకున్న ఆ కౌగిలింత తీరా వచ్చేసరికి చప్పగా ఉంది. తలుపుకు కొత్త బోర్డు కొట్టారు. భర్త దాన్ని ఫోటో తీసి చుట్టాలందరికీ పంపించాడు. ఆ శనివారమే ఆవిడ ఫైలులోని చిరునామా పట్టుకుని బయల్దేరింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని ఆవిడకూ తెలుసు. అయినా ఊరికే కూర్చోలేకపోయింది.

ఇంటి దగ్గర ఆ పిల్ల వదిన కనబడింది. ఎవరని గాని ఎందుకని గాని అడగకుండా, పార్సిల్ ఆఫీసులో ఉంటుందని దారి చెప్పింది. రోడ్డు చివర పెద్ద రేకుల షెడ్డు. లోపల కౌంటరు, తూకం యంత్రం, గోడవారన అట్టపెట్టెలు. పద్నాలుగో నంబరు పిల్ల కౌంటరు వెనక నిలబడి ఉంది. ఒకాయన పెట్టె తెచ్చి, ఇంటి దగ్గర తూచే తెచ్చాను, నాలుగు కిలోలని రాసుకోమన్నాడు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపి, పెట్టెను ఎత్తి యంత్రం మీద పెట్టి, అంకె నిలబడేదాకా ఆగి, అప్పుడు రాసింది. మేడమ్‌కు అక్కడినుంచే వెనక్కి పోవాలనిపించింది.

ఈలోపు ఆ పిల్ల చూడనే చూసింది. ముఖం ఒక్క క్షణం ఎర్రబడింది. అంతలోనే బయటికొచ్చి, పక్కనున్న అతనికి కౌంటరు అప్పజెప్పి, మేడమ్‌ను షెడ్డు పక్కనున్న టీ బెంచీ దగ్గరికి తీసుకెళ్ళింది. ముందు ఆవిడను కూర్చోబెట్టి, బెంచీ అంచున తను కూర్చుంది. డాక్టరేట్ వచ్చిందట కదా మేడమ్, స్నేహితురాలు చెప్పింది అని అభినందించింది కూడా.

మేడమ్ టీ ముట్టుకోలేదు. దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ గుర్తు రాక, ఉన్నదున్నట్టు చెప్పేసింది. మొదటి ఏడాది తాను రాసిన దొంగ అంకె, వార్డు సిస్టర్ తిట్లు, ముప్ఫై మంది నాడి, రేపు ఆరింటికి రమ్మన్న మాట. ఆ పనికి నువ్వు పనికొస్తావని, ఎనిమిది నెలలు ఆ బరువు మోసినదానివి మళ్ళీ జన్మలో ఆ తప్పు చేయవని, ఇది చెప్పడానికే వచ్చానని చెప్పింది. నేర్చుకున్న మెత్తని గొంతును ఈసారి వాడలేదు.

ఆ పిల్ల అడ్డు రాకుండా అంతా వింది. విన్నాక నెమ్మదిగా అడిగింది:

"ఆ రోజు నేనడిగినప్పుడు, ఇదంతా మీకు గుర్తుందా మేడమ్?"

"ఉంది. నోటిదాకా వచ్చింది."

ఆ పిల్ల తల ఊపింది. కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని మేడమ్‌కు అనిపించింది.

"నేను మీ ఇంటర్వ్యూ కోసం రాలేదు మేడమ్," అంది ఆ పిల్ల. "అంతకుముందు మూడుసార్లు మీ గదికి వచ్చాను. పరిశోధన పని జరుగుతోంది, తర్వాత రండి అని తలుపుకు కాగితం అంటించి ఉంది. ఒకసారి తట్టాను కూడా. మీరు తలెత్తకుండానే, రేపు చూద్దామమ్మా అన్నారు. తర్వాత నోటీసు బోర్డు మీద చూశాను, తప్పు చేసినవాళ్ళు పేరిస్తే మీరు గంటసేపు కూర్చుంటారని. అందుకని పేరిచ్చాను. రికార్డరు ఉంటుందంటే ఉండనీలే అనుకున్నాను."

మేడమ్‌కు థీసిస్ మూడో అధ్యాయంలో, ఇరవై రెండు మందీ పరిశోధన మీద ఆసక్తితోనే స్వచ్ఛందంగా ముందుకొచ్చారని తాను రాసిన వాక్యం కళ్ళముందు కదిలింది. అది అచ్చయి, అట్ట వేసుకుని, లైబ్రరీలో కూర్చుంది. మిగతా ఇరవై ఒక్క మందిలో ఇంకెందరు ఆ గంట కోసం సంతకం పెట్టారో ఇప్పుడు ఎవరిని అడగాలి?

మేడమ్ తేరుకుని, ప్రిన్సిపాల్ కాళ్ళావేళ్ళా పడైనా తిరిగి చేర్పిస్తాను, వస్తావా అని అడిగింది.

"ఇప్పుడొద్దు మేడమ్. మొదటి నుంచి మొదలుపెట్టే ఓపిక లేదు. ఇక్కడ బాగానే ఉంది, రాత్రి నిద్ర పడుతోంది." ఆ పిల్ల టీ గ్లాసు అంచు తుడిచింది. "అప్పుడైతే వచ్చేదాన్నే. ఏడాదిపాటు యూనిఫారం ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను. కాలేజీ నుంచి ఎవరైనా ఫోన్ చేస్తారేమోనని. చేస్తే మీరే చేస్తారనుకున్నాను."

లోపలి నుంచి ఎవరో పిలిచారు. లారీ వచ్చింది, పెట్టెలు దించాలి. ఆ పిల్ల లేచి, జాగ్రత్తగా వెళ్ళండి మేడమ్, ఎండగా ఉంది అని చెప్పి వెళ్ళిపోయింది. మేడమ్ చల్లారిన టీ తాగేసి బస్సెక్కింది. ఇంటికి వచ్చాక భర్త ఏమందని అడిగాడు. ఫోన్ కోసం ఏడాది చూసిందట అని మాత్రం చెప్పగలిగింది. ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

సోమవారం ఆవిడ తలుపు మీది పాత కాగితం గోళ్ళతో గీకి తీసేసింది. కుర్చీల మీది ఫైళ్ళన్నీ కింద పెట్టి, దుమ్ము తుడిచి, మూడింటికి తలుపు బార్లా తెరిచి కూర్చుంది. మూడున్నరకు రెండో సంవత్సరం పిల్లలు ఇద్దరు వచ్చారు. హాజరు పత్రం మీద సంతకం కావాలన్నారు. సంతకం పెడుతూ చూసింది, ఒక పిల్ల కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"ఏమైందమ్మా? కూర్చో."

"ఏం లేదు మేడమ్. జలుబు."

"జలుబైతే కళ్ళు అలా వాస్తాయా? వార్డులో ఏమైనా అయిందా? నేను తిడతాను గాని ఎవరికీ చెప్పను."

ఆ పిల్ల పక్కదానివైపు చూసింది. పక్కది చేయి పట్టుకుని లాగింది. ఏం లేదు మేడమ్, మీకు చాలా పనులుంటాయి, కంగ్రాచ్యులేషన్స్ మేడమ్ అని ఇద్దరూ ఎంతో మర్యాదగా కాగితం తీసుకుని బయటికి నడిచారు. ఆవిడ లేచి గబగబా వరండాలోకి వచ్చేసరికి మెట్లు దిగిపోయారు. పేరు పెట్టి పిలుద్దామని నోరు తెరిచింది. ఆ ఇద్దరిలో ఎవరి పేరూ ఆవిడకు తెలియదు.